పది నిమిషాల కార్డు, నలభై నిమిషాల కథ

"సుత్తి అంటే మేకులు కొట్టేదే కదమ్మా? మరి ఈయన పేరుకి ముందు ఎందుకుంది?" అని అడిగింది మా అమ్మాయి.

పోయిన జనవరిలో ఒక శనివారం. బయట మైనస్ 28 డిగ్రీలు. ఎడ్మంటన్‌లో అలాంటి రోజున ఎవరూ గడప దాటరు. తల్లీకూతుళ్ళం ఒకే రగ్గు కప్పుకుని 'శ్రీవారికి ప్రేమలేఖ' పెట్టుకున్నాం. తను తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. నటీనటుల పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చి, సుత్తి వీరభద్రరావు దగ్గర ఆగిపోయింది.

అది ఇంటిపేరు కాదే, వాళ్ళ ఇంటిపేరు మామిడిపల్లి, సుత్తి అన్నది సినిమా వల్ల వచ్చింది అన్నాను. "అయితే వడ్రంగి వేషం వేశాడా?" అంది. ఇక సినిమా ఆపేసి చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికే కాస్త సేపు పట్టింది. సుత్తికి ఇంగ్లీషులో మాట లేదు. బోరు అంటే సరిపోదు. బోరు సినిమా ఉంటుంది, బోరు పాఠం ఉంటుంది, ఒంటరిగా కూర్చున్నా బోరు కొడుతుంది. సుత్తికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలి.

మనకి మాటలతో విసిగించడంలో ఎన్ని రకాలున్నాయో ఆ రోజే లెక్కపెట్టుకున్నాను. నస అంటే అడిగిందే అడగడం, పిల్లలు ఐస్‌క్రీం కోసం పెట్టేది. సోది అంటే పొంతన లేని మాటలు, ఎరుకలసాని చెప్పే సోదిలోంచి వచ్చింది. ఊకదంపుడు అంటే మీటింగుల్లో ఉపన్యాసం. సుత్తి వీటన్నిటికంటే పెద్దింటి బిడ్డ. సుత్తిలో కథ ఉంటుంది. మనుషులుంటారు, వాళ్ళ ఊళ్ళుంటాయి, ఆ ఊరికి వెళ్ళే బస్సు ఏ టైముకో కూడా ఉంటుంది. చెప్పేవాడికి ఎక్కడలేని శ్రద్ధ ఉంటుంది. ముగింపు మాత్రం దగ్గర్లో ఉండదు. ఎదురుగా ఒకడు కూర్చుని ఉండాలి, వాడు లేచి వెళ్ళిపోవడానికి వీల్లేనివాడై ఉండాలి.

1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' తీసినప్పుడు ఆ ఇద్దరినీ తెరమీద కూర్చోబెట్టారు. చెప్పేవాడు వీరభద్రరావు, వినేవాడు వేలు అనే ఇంకో నటుడు. చెప్పేవాడి గొంతు బరువు, వినేవాడి గొంతు పీల. మొదలుపెట్టిన సంగతిలోంచి ఒక పిట్టకథ, అందులోంచి ఇంకో పిట్టకథ. వేలు మొహంలో మర్యాద కాస్తా దిగులైపోయి, ఆ దిగులు ఏడుపులోకి దిగుతూ ఉంటుంది. అంతవరకూ కాలేజీ కుర్రాళ్ళ నోళ్ళలో ఉన్న మాట ఆ సినిమాతో ఊరూరికీ పాకింది. ఆ ఇద్దరికీ అది ఇంటిపేరై కూర్చుంది. 'ప్రతిఘటన'లో మతి చలించిన కానిస్టేబుల్‌గా మనందరినీ ఏడిపించిన తరవాత కూడా ఆయన సుత్తి వేలే. 2012లో పోయేదాకా ఆ పేరు వదల్లేదు.

ఆ సినిమా నేను గుడివాడలో చూశాను. పదకొండేళ్ళు నాకు. పక్కన నాన్న. వీరభద్రరావు తెరమీదికి వచ్చి నాలుగు ముక్కలు మాట్లాడాడో లేదో, నాన్న నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, ఇది మన రేడియో గొంతు!" అన్నారు. మనిషిని అంతకుముందు చూడలేదు. గొంతుని మాత్రం ఏళ్ళ తరబడి విన్నారు. వీరభద్రరావు సినిమాల్లోకి రాకముందు ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో పనిచేశారు. ఆదివారం మధ్యాహ్నం నాటకం వస్తుంటే మా ఇంట్లో గిన్నెల చప్పుడు కూడా వినపడకూడదు. అమ్మ అంట్లు అలాగే వదిలేసి వచ్చి కూర్చునేది. నాన్నకి ఆ నాటకాల్లో వేసేవాళ్ళందరూ చుట్టాల కిందే లెక్క.

వీరభద్రరావు గొప్పతనం నా దృష్టిలో అక్కడే ఉంది. రేడియోలో మొహం కనపడదు. కోపం రావాలన్నా, వెటకారం చెయ్యాలన్నా, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడని తెలియాలన్నా గొంతే దిక్కు. ఆయన సినిమాకి వచ్చాక కూడా ఆ గొంతునే నమ్ముకున్నారు. కింద పడి దొర్లడం, కళ్ళు తిప్పడం చూడం. ఎంత పొడుగు మాటైనా ఒక్క ఊపిరిలో పోతుంది. అంత వేగంలోనూ ఒత్తు ఒత్తుగానే ఉంటుంది, దీర్ఘం దీర్ఘంగానే ఉంటుంది. నవ్వు ఎక్కడ రావాలో అక్కడ ఆయన ఆగరు. ఇంకొంచెం ముందుకి వెళ్ళి, మనకి ఊపిరాడనిచ్చే చోట ఆగుతారు. ఈ ఊళ్ళో వాకిట్లో మంచు ఎత్తిపోసేటప్పుడు నేను చెవుల్లో ఆయన సినిమాలు పెట్టుకుంటాను. బొమ్మ లేకుండా గంటసేపు వినదగ్గ తెలుగు సినిమాలు ఎన్నున్నాయో చెప్పండి. జంధ్యాల, వీరభద్రరావు కలిసి చేసినవి చాలావరకు అలా వినొచ్చు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'శ్రీవారికి ప్రేమలేఖ'. 1984. పొత్తూరి విజయలక్ష్మి గారి నవల ఆధారం. పెళ్ళికాని పిల్ల ఒకతె, ఊరూ పేరూ లేని కాబోయే మొగుడికి ఉత్తరం రాస్తే, అది వెళ్ళి నరేష్ చేతిలో పడుతుంది. ఆ ఉత్తరం రాసిన పిల్ల కోసం అతని వెతుకులాట. నరేష్ తండ్రి పరంధామయ్య వేషం వీరభద్రరావుది. అప్పటికి ఆయనకి నలభై నిండలేదు. నరేష్‌కీ ఆయనకీ తండ్రీకొడుకులకి ఉండేంత వయసు తేడా లేదు. అయినా ఒక్క క్షణం కూడా ఆయన తండ్రి కాదేమో అన్న అనుమానం రాదు. ఇంట్లో ఆయన అడుగు పడితే అందరూ సర్దుకోవాలి. తిట్టడం మొదలుపెడితే తిట్టు కూడా సమాసంలా సాగుతూ పోతుంది, ఒక్క బూతు ఉండదు. ఆ ఇంట్లో ఆయన కోపానికి భయపడనివాళ్ళు లేరు, ఆ కోపంలో నిజంగా చెడ్డతనం ఉందనుకునే ప్రేక్షకుడూ లేడు. సినిమా చూసొచ్చి పేర్లు పడే దగ్గర్నుంచి కథ చెప్పే శ్రీలక్ష్మి కూడా ఇందులోనే ఉంది. మా అమ్మాయి ఆవిణ్ణి చూసి పడీపడీ నవ్వింది. తెలుగు సగమే అర్థమవుతుంది తనకి. నవ్వు మాత్రం పూర్తిగా వచ్చింది.

'బాబాయ్ అబ్బాయ్' చాలామంది మరిచిపోయారు. 1985లో బాలకృష్ణతో జంధ్యాల తీసింది. పేరులో సగం వీరభద్రరావుదే. 'రెండు జెళ్ళ సీత' నేను ఇంకా ఏడాదికోసారైనా చూస్తాను. అన్నిటి గురించీ రాస్తే నాకూ సుత్తి అన్న పేరొస్తుంది, వస్తే సంతోషమే.

నేను ఈ దేశం వచ్చింది 1998లో. అప్పుడు ఇంటికి మాట్లాడాలంటే కాలింగ్ కార్డు కొనుక్కోవాలి. వెనకాల బూడిదరంగు పూత గీకితే నంబరు. మా చేతిలో డబ్బు అంతంతమాత్రం, వారానికి ఒక కార్డు, ఎంత సాగదీసినా పది నిమిషాలు. మాకు శనివారం రాత్రి, వాళ్ళకి ఆదివారం పొద్దున్న. నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. చరిత్ర చెప్పినవాళ్ళకి ఏ సంగతైనా వెనకనుంచే మొదలవుతుంది. కూరగాయల ధర చెప్పాలన్నా ఆయన కాటూరు రోడ్డు వేసిన ఏడాది నుంచి ఎత్తుకుంటారు. ఆ కథలు పది నిమిషాల కార్డులో పట్టేవి కావు.

1999లో ఒక వారం ఇలాగే మొదలుపెట్టారు. "నిన్న కరెంటు మీటరు చూడ్డానికి ఒకతను వచ్చాడమ్మా. ఎవరనుకున్నావు? మనకి ఉప్పెన వచ్చిన ఏడాది..." అంటుండగా లైన్లోకి రికార్డు గొంతు వచ్చి, ఇంకొక్క నిమిషమే ఉందని చెప్పింది. నేను తొందరపడి, "నాన్నా, అమ్మ బీపీ మందులు వేసుకుంటోందా, అది చెప్పు" అన్నాను. వేసుకుంటోంది అన్నారు. కట్టయిపోయింది. పై వారం నేను అడగలేదు, ఆయన ఎత్తలేదు. ఆ తరవాత్తరవాత ఆయన ఫోన్లో మాట్లాడే తీరే మారిపోయింది. "బాగున్నాం. అమ్మ బాగుంది. వానలు పడ్డాయి. ఉంటాను." టెలిగ్రాం లాగా. కార్డులో ఇంకా నాలుగైదు నిమిషాలు మిగిలిపోయేవి. వాటిని ఎలా ఖర్చుపెట్టాలో ఇద్దరికీ తెలిసేది కాదు.

2009లో నాన్న ఇక్కడికి వచ్చి ఆరు నెలలున్నారు. అమ్మ అప్పటికి లేదు. నేను ఆఫీసుకి వెళ్ళిపోతే ఆయనకి పగలంతా మాట్లాడే మనిషి లేడు. డీవీడీలు తెప్పించాను. సాయంత్రం నేను వచ్చేసరికి 'నాలుగు స్తంభాలాట' నడుస్తూ ఉండేది. ఒక రోజు సుత్తి కొట్టే ఘట్టం చూస్తూ నవ్వీనవ్వీ కళ్ళు తుడుచుకుని, "అందరూ పాపం వేలు అంటారు. వేలు లేకపోతే వీరభద్రరావు ఏమైపోతాడమ్మా?" అన్నారు.

ఆ మాటతో నాకు కరెంటు మీటరు గుర్తొచ్చింది. "నాన్నా, ఎప్పుడో మీటరు చూడ్డానికి వచ్చాడన్నావు, అతనెవరు?" అన్నాను. పదేళ్ళయింది, గుర్తుండదనుకున్నాను. ఆయన టీవీ ఆపేశారు. సర్దుకుని కూర్చున్నారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన దగ్గర మొదలుపెట్టారు. అసలు అంతకంటే ముందు, నాగాయలంక వైపు నుంచి పిల్లలు గుడివాడ వచ్చి ఎందుకు చదివేవాళ్ళో అక్కడ మొదలుపెట్టారు. తొమ్మిదో తరగతి కుర్రాడు హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ఉప్పెనలో ఇల్లూ తల్లీ పోయాయి. ఆ రాత్రి పోయిన వేలమందిలో ఆవిడొకరు. వాడికి వెళ్ళడానికి ఊరు లేకపోతే నాన్న తీసుకొచ్చి మా వసారాలో ఉంచారు. రెండు నెలలున్నాడు. నాకు ఆరేళ్ళు. నన్ను రోజూ సైకిలు ముందు కడ్డీ మీద తువ్వాలు వేసి కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేవాడట. ఆ తువ్వాలు నాకు గుర్తుంది, మనిషి గుర్తులేడు. మీటరు చూడ్డానికి వచ్చినవాడు అతనే. నాన్నని గుర్తుపట్టి కాళ్ళకి దణ్ణం పెట్టి, మొట్టమొదట అడిగింది, "చిన్నమ్మాయి గారు ఎక్కడున్నారండీ?" అని.

నలభై నిమిషాలు పట్టింది ఆ కథ. నాకు చేరాల్సిన మాట చివర్లో ఉంది. నాన్న 2016లో పోయారు.

వీరభద్రరావు 1988 జూన్ 30న పోయారు. నలభై ఒక్క ఏళ్ళు. నేను పదో తరగతి దాటి రెండేళ్ళు. నాన్న ఆ రోజు రేడియో పెట్టలేదు. ఆ ఏడాదే 'వివాహ భోజనంబు', 'చూపులు కలసిన శుభవేళ' వచ్చాయి. అంతకుముందు ఏడాది 'అహ నా పెళ్ళంట'తో బ్రహ్మానందం అందరికీ తెలిశాడు. ఆ గొంతూ ఈ మొహమూ కలిసి ఇంకో ఇరవయ్యేళ్ళు చేసి ఉంటే మనకి ఏమేం దక్కేవో! 'నాలుగు స్తంభాలాట' నుంచి లెక్కపెడితే ఆయనకి తెర ఇచ్చింది ఆరేళ్ళే. జంధ్యాల కూడా 2001లో యాభై ఏళ్ళకే వెళ్ళిపోయారు.

సినిమాలు ఎలాగో దొరుకుతాయి. రేడియో వీరభద్రరావు దొరకడమే కష్టం. నాన్న ఆదివారం నాటకాలు కొన్ని టేప్‌రికార్డరులో పట్టి, క్యాసెట్ల మీద నీలం సిరాతో పేర్లు రాసి, బీరువా కింది అరలో పెట్టేవారు. గుడివాడ ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ అర మొత్తం పాత సామాన్లవాడికి వెళ్ళిపోయింది. నేను ఇక్కడ ఉన్నాను. ఉంచమని ఒక్క ఫోను చేసి ఉండాల్సింది, చెయ్యలేదు.

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో అప్పట్లో ఇలా నాటకాలు పట్టుకున్నవాళ్ళు నాన్న ఒక్కరే అయి ఉండరు. ఇది చదువుతున్న మీ ఇంట్లో, మీ బాబాయిగారి ఇంట్లో, అటక మీద అలాంటి క్యాసెట్లు ఉంటే దయచేసి పారెయ్యకండి. రీలు తెగినా అతికించేవాళ్ళు ఇంకా ఉన్నారు. దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి నలుగురికీ వినిపించండి. ఎంత పొడుగున్నా సరే, మొత్తం వింటాం.