పగలు పడుకునే చేపలు

అండమాన్‌లో చలికాలం సాయంత్రం అయిదుంబావుకే పొద్దు గుంకుతుంది. గడియారం మన దేశానిది, సూర్యుడు మాత్రం బర్మా వాళ్లవాడు. హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని పేరు మారినా పడవల దగ్గర పాత పేరే నడుస్తోంది. మా పడవ నడిపినాయన పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో పుట్టిన తెలుగువాడు, తాతలది శ్రీకాకుళం. "రాత్రేళ దిగడమేటి బాబూ, రంగులేవీ అగుపడవు" అన్నాడు.

రంగులు పొద్దున్నే చూసేశాను. లైట్‌హౌస్ అని పిలిచే ఆ పగడపు దిబ్బ మీదే, రాతి చూరు కింద ఎర్రటి సోల్జర్ చేపలు గుంపుగా కదలకుండా నిలబడి ఉన్నాయి. ముఖంలో సగం కన్నే. పక్కనున్న కార్డినల్ చేపల్లో ఒకదాని దవడ ఉబ్బి ఉంది, నోటి నిండా గుడ్లు. మోసేది మగచేప. అవి పిల్లలయ్యేదాకా దానికి మేత లేదు.

చీకటి పడుతుండగా మళ్లీ దిగాం. పగటి చేపలు సందుల్లో దూరిపోయాయి, రాత్రివి ఇంకా బయటికి రాలేదు. ఆ మధ్య కాసేపు నీళ్లు ఖాళీ. వేట చేపలకు అదే అదను. తర్వాత టార్చి వేసి చూస్తే చూరు కింద ఒక్క సోల్జర్ చేపా లేదు. పగలంతా దాక్కుని రాత్రి నీళ్లలోకి లేచే పీత పిల్లల్నీ సన్న రొయ్యల్నీ తినడానికి పైకి వెళ్లిపోయాయి. పొద్దున రాయనుకున్న పగడం ఇప్పుడు సన్నటి వేళ్లు చాచి మేస్తోంది.

అక్కడి నీళ్లు అంత తేటగా ఉన్నాయంటే వాటిలో సారం తక్కువన్నమాట. మరి పగడం ఎలా బతుకుతోంది? బయట మేసిన చేపలు తెల్లారేసరికి ఇల్లు చేరి, పగలంతా అక్కడే విసర్జిస్తాయి. అందులోని నత్రజని, భాస్వరం పగడం ఒంట్లో కాపురముండే నాచుకు ఎరువు. కరీబియన్‌లోని సెయింట్ క్రోయ్ దీవి దగ్గర జూడీ మేయర్, ఎరిక్ షుల్ట్జ్, జీన్ హెల్ఫ్‌మన్ దీన్ని పరిశీలించి 1983లో 'సైన్స్' పత్రికలో రాశారు. అక్కడి గ్రంట్ చేపలు రాత్రి సముద్రపు గడ్డిలో మేసి, పగలు పగడాల మీద గుంపు కడతాయి. గుంపు ఉన్న పగడాలు, లేనివాటి కంటే వేగంగా పెరిగాయట. పగలు ఊరికే నిలబడ్డాయనుకున్న చేపలు చేస్తున్న పని ఇదీ! చేపల లెక్కలు చాలావరకు పగలే తీస్తారు. చూరుల లోపల నక్కినవి ఆ లెక్కలో ఎన్ని చేరతాయి?

పడవెక్కి, ఎర్రచేపల సంగతి ఎత్తాను.

"పగలు ఎర నోటి కాడ పెట్టినా మూతి తిప్పదు బాబూ. రాత్రయితే గాలం ఎయ్యగానే పడిపోద్ది."

ఒక రాత్రికి ఎన్ని పడేవని అడిగాను.

"సిన్న చేప. ఎవుడు లెక్కెడతాడు?"