పాతాళగంగను చూసొచ్చాను

మా సీమలో గంగ అంటే కాశీలో పారేది కాదు, బోరులో పడే నీళ్లు. "గంగ పడిందా?" అన్నదే మా ఊళ్లో కుశలప్రశ్న. మా నాయన ఇప్పటికి రెండు బోర్లు వేయించాడు. మొదటిది మూడేళ్లు పోసి ఎండిపోయింది. రెండోది దుమ్ము తప్ప మరేమీ చూపలేదు, అమ్మ కమ్మలు మాత్రం బ్యాంకుకు చేర్చింది. మొన్న ఒకాయన వచ్చి, అరచేతిలో టెంకాయ నిలబడగానే "అడుగున పాతాళగంగ పారుతోంది" అని చెప్పిపోయాడు. మూడో బోరుకు అమ్మాల్సింది ఇక రోడ్డు పక్క ఎకరమే.

సరిగ్గా అప్పుడే మా జియాలజీ క్లాసు బెలుం గుహలకు బయల్దేరింది. అక్కడ పాతాళగంగ ఉందని విన్నాను. దాన్ని కళ్లారా చూడాలన్నదే నా కోరిక.

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర, చదునైన చేల మధ్య గుహ నోరు పెద్ద బావిలా ఉంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. 1982, 83లలో డేనియల్ గెబావర్ బృందం జర్మనీ నుంచి వచ్చి లోపలంతా గాలించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002లో సందర్శకులకు తెరిచారు. మనం చూడగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు.

గైడు ముందు, మేం వెనక. వంగి నడిచిన చోట్లు కొన్ని, ఒకరి వెనక ఒకరు దూరినవి కొన్ని. ఉక్కకు చొక్కాలు తడిసి ముద్దయ్యాయి. కోటిలింగాలూ, తడితే మోగే సప్తస్వరాల గుహా దాటి, చిట్టచివర 46 మీటర్ల లోతున పాతాళగంగ దగ్గరికి చేరాం. మహానదిని ఊహించుకున్నవాళ్లకు నిరాశే! చిన్న ధార, రాతిలోకి జారి మాయమైపోతుంది.

"ఈ దారి ఎవరు తవ్వారు?" అన్నారు లెక్చరరుగారు. ఆయనే జవాబూ చెప్పారు. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకొని బలహీనమైన ఆమ్లమవుతుంది. సున్నపురాతిలోని కాల్షియం కార్బొనేటును లక్షల ఏళ్లపాటు కొద్దికొద్దిగా కరిగించుకుంటూ పోతుంది. అలా ఏర్పడినవే ఈ దారులు.

"మా ఊళ్లోనూ ఇట్లా ఉంటుందా సార్?" అని అడిగాను.

"మీది ఏ రాయి?"

"గ్రానైటు సార్."

"అది ఇలా కరగదు బాబూ. పగుళ్లలో ఎంత ఇంకితే అంతే. పోసిందే తోడుకోవాలి."

ఇంటికెళ్లి ఇదంతా నాయనకు చెప్పాను. బీడీ ఆరేదాకా విన్నాడు.

"అయితే గంగ లేదంటావా?"

"ఉంది నాయనా, సున్నపురాతిలో ఉంది. మన రాతికింద ఏరు పారదు. వాన ఇంకితేనే నీళ్లు."

"ఆ మాట మీ అమ్మతో చెప్పు, గంగమ్మకు మొక్కుకుంది" అని నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు పొద్దున్నే తాత తవ్విన కుంట గట్టుమీద నిలబడి ఉన్నాడు. కుంట పూడిపోయి తుమ్మలు మొలిచాయి. "దీంట్లో పూడిక తీయాలంటే ఎన్నాళ్లు పడుతుందిరా?" అన్నాడు. ఎకరం ఇంకా అమ్మలేదు. ఈ వేసవి సెలవులకు పార మాత్రం సిద్ధంగా ఉంది.

మిత్రులారా, బెలుం తప్పక చూడండి. పైకి వచ్చాక ఆ చేలవంక కూడా ఒకసారి చూడండి. లోపల మనం దణ్ణం పెట్టుకున్న ధార, ఈ నేలమీద పడి ఇంకిన వానే.