లండను నగరమున సొరపాదు

పట్టణము చేరినవారికి నేలతో ఋణము తీరినదని లోకులందురు. లండను నగరపు తూర్పుభాగమున స్పిటల్‌ఫీల్డ్స్ అను పేటలో మేము చూచిన తోట ఆ మాటకు మంచి సమాధానము.

అది పూర్వము రైలు సరకుల గిడ్డంగి యున్న చోటు, పిదప బీడుపడినది. తాము సాగుచేసికొనుచుండిన మడులు కట్టడములకై పోగా, పేటవాసులు 1978లో ఆ బీటిని బాగుచేసి తోటగా మార్చిరి. జీతగాండ్రు కొలదిమంది, తక్కిన పనిలో ఇరుగుపొరుగువారు స్వచ్ఛందముగా చేయివేయుదురు. మేకలు, గొఱ్ఱెలు, గాడిదలు, కోళ్లు నచట గలవు. వాని పెంటయే మడులకెరువు.

నడిచలికాలమున అచట పగలు ఎనిమిది గంటలైన నిండదు. అప్పుడు కొట్టములు శుభ్రపఱచుట, కొమ్మలు కత్తిరించుట, పనిముట్లు చక్కజేయుట ముఖ్యమైన పనులు. మనకెండలు ముదురు చైత్రవైశాఖములు వారికి విత్తులకాలము. నడివేసవిలో పగలు పదునాఱు గంటలు దాటును. తీగలు చూచుచుండగనే ప్రాకును.

ఆ పేటలో బంగ్లాదేశమునుండి, విశేషించి సిల్హెట్ సీమనుండి, వచ్చి స్థిరపడిన కుటుంబములు పెక్కు. భాషరాని దేశమున మిద్దెయిండ్ల గోడలనడుమ దినములు గడపిన స్త్రీలకు ఈ తోట పుట్టినిల్లయ్యెను. వారు కొత్తిమీర సంఘమను పేర కూడి, కొత్తిమీర, సొర మున్నగు స్వదేశపు కూరలు పండించిరి.

సొరకు చలి గిట్టదు. కావున కిటికీయొద్ద చిన్నకుండీలలో విత్తు మొలిపించి, మంచుభయము తీరిన జ్యేష్ఠమాసమున ప్లాస్టిక్ కప్పిన పందిరిలో నాటవలెను. సొరపువ్వు సాయంకాలమున విచ్చును. పందిరిలోనికి పురుగులు చాలినన్ని రానిచో, మగపువ్వును కోసి దాని పుప్పొడిని ఆడపువ్వున కద్దవలెను. మన పెరళ్లలో రాత్రివేళ తిరుగు పురుగులు చేయు పనిని అచట ఇల్లాలి వ్రేళ్లే చేయును. ఇంగ్లీషు మాటాడలేని తల్లియైనను, ఆ పాదువద్ద నిలిచినప్పుడు ఇతరులకు గురువే.

సోదరీమణులారా! హైదరాబాదు, విజయవాడలయందు మనమును మిద్దెలపై మిద్దెలలో నివసించుచున్నాము. పల్లె విడిచి కుమారులవెంట వచ్చిన అత్తలును తల్లులును, పాదులు వేయనేర్చిన చేతులను ఒడిలో నుంచుకొని ఎందఱు కూర్చుండలేదు! మేడల నడుమ నాలుగు మూరల నేలయు, నలుగురి తోడును వారికి కల్పింపగలిగితిమేని, వారి ప్రొద్దు చక్కగా గడచును. వారెఱిగిన విద్య మన పిల్లలకు దక్కును.