కాలు ఆనేంత ఎత్తు

నడుస్తున్న బండి మీంచి పడితే యాక్సిడెంట్ అయిందంటారు. ఆగిన బండి మీంచి పడితే నవ్వుతారు. మా అమ్మ ఆగిన బండి మీంచి పడింది. 2023 మార్చి మొదటివారంలో, ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డులో. బండి నడిపింది నేను.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు బయల్దేరాం. అమ్మ పుట్టిల్లు అటువైపు లంకల్లో. పెళ్లయి మెట్టకు, మా చింతలపూడికి వచ్చి యాభై ఏళ్లు దాటినా, ఫాల్గుణం వచ్చేసరికి ఆవిడ మనసు కొల్లేటి మీదికి పోతుంది. ఎదురుగా చేపల లారీ వస్తోంది. ఆ లారీల్లోంచి నీళ్లు కారి అక్కడ రోడ్డు ఎప్పుడూ జిడ్డు జిడ్డుగానే ఉంటుంది. ఎందుకొచ్చిన గొడవ, దారిద్దామని పక్కకు తీసి ఆపాను. ఎడమ కాలు దించాను. కింద నేల లేదు. తారు అంచు నుంచి మార్జిను జానెడు పల్లంగా ఉంది. నా వేళ్లకు మట్టి తగిలే లోపలే బండి వాలిపోయింది. అమ్మ ఎప్పట్లాగే పక్కకు, ఎడమవైపు రెండు కాళ్లూ వేసుకుని కూర్చుంది. చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది.

ఆస్పత్రికి తమ్ముడొచ్చాడు. అమ్మ చేతికి కట్టు వేస్తున్నంతసేపూ ఏమీ మాట్లాడలేదు. బయటికొచ్చాక మాత్రం, "అక్కా, ఇక చాలు. అమ్మేయ్. నీ ఎత్తుకు తగ్గ బండి కాదది" అన్నాడు.

కోపం రావాల్సింది. రాలేదు. ఎందుకంటే ఆ క్షణంలో నేను కూడా సరిగ్గా అదే అనుకుంటున్నాను.

ఆ బండి కొనడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. అంతకు ముందు పదిహేనేళ్లు స్కూటీ, తర్వాత యాక్టివా. చింతలపూడి నుంచి ఏలూరుకు యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. ధర్మాజీగూడెం, విజయరాయి మీదుగా వారానికి మూడుసార్లు తిరగాలి. దారి పొడుగునా ఆయిల్‌పామ్ గెలల ట్రాక్టర్లు. సీజనులో సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి ఉంటుంది. ట్రాక్టరును దాటాలంటే ఎంత వేగంగా పోతామన్నది కాదు లెక్క, ఎదుటివాళ్ల దారిలో ఎన్ని క్షణాలు ఉంటామన్నది. యాక్టివాకున్న శక్తి ఎనిమిది హార్స్‌పవర్ దగ్గర. వెనక అమ్మ కూర్చుంటే ఆ దాటడం ఎంతకీ అవదు. చిన్న చక్రాలు, ప్రతి గుంటా వెన్నుకు తెలుస్తుంది. మోజుతో కొన్నావని తర్వాత చాలామంది అన్నారు. మోజు లేదని నేను అనను. కానీ లెక్క కూడా ఉంది.

నా ఎత్తు 150 సెంటీమీటర్లు. చిన్నప్పటి నుంచీ నన్ను 'పొట్టి' అనే పిలిచారు, నేనూ పలికాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు 152 దగ్గర. అంటే నేను సగటు మనిషినే, ఓ రెండు సెంటీమీటర్లు తక్కువ. ఈ సంగతి నాకు నలభై ఆరో ఏట, బండి కొనబోతూ తెలిసింది.

షోరూముకు వెళితే సేల్స్ కుర్రాడు "సార్ వస్తున్నారా మేడం?" అన్నాడు. ఏ సారు? తర్వాత వాడే మర్యాదగా, "లేడీస్‌కి ఇవి కంఫర్టబుల్‌గా ఉండవండి" అని స్కూటర్ల వైపు తీసుకుపోయాడు. నాకు పుదుక్కోట గుర్తొచ్చింది. 1990ల మొదట్లో తమిళనాడులోని ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలాదిమంది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్ ఆ సంగతి రాస్తూ ఒక చిన్న వివరం చెప్పారు: కొందరు స్త్రీలు మగవాళ్ల సైకిలే కావాలన్నారట. మధ్యలో ఉండే కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని! ఆడవాళ్లకు ఏది అనువో ఆడవాళ్లనే అడిగితే ఇలాంటి సమాధానాలు వస్తాయి.

ఇంటికొచ్చి గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య అట్ట పుస్తకం పెట్టుకుని కొలుచుకున్నాను. నేల నుంచి తొడల మొదలు వరకు 67 సెంటీమీటర్లు. అప్పట్నుంచీ బండ్ల ఎత్తులు నాకు కంఠస్థం. క్లాసిక్ 350 సీటు 805 మిల్లీమీటర్లు. హోండా సీబీ 350 ఎనిమిది వందలు. 2022 ఆగస్టులో వచ్చిన హంటర్ 790. మీటియర్ 765. అవెంజర్ అన్నిటికంటే తక్కువ, 737. కాగితం మీద అవెంజరే నాది. ఎక్కితే కాళ్లు నిక్షేపంగా ఆనాయి. తీరా కదిలాక ఫుట్‌రెస్టులు ఎక్కడో ముందు, హ్యాండిలు ఇంకెక్కడో. చేతులు చాచి, కాళ్లు చాచి, ఈజీచైరులో కూర్చుని పేపరు అందుకోబోయే తాతలా ఉన్నాను. పొట్టివాళ్లకు కాళ్లే కాదు, చేతులు కూడా పొట్టివే కదా. ఎవరూ చెప్పరు.

ఇంకో తమాషా ఏమిటంటే, యాక్టివా సీటు ఎత్తు కూడా దాదాపు 765 మిల్లీమీటర్లే. పదేళ్లు దాని మీద మునివేళ్లతోనే నెట్టుకొచ్చాను, భయమెందుకు వేయలేదు? ఒకటి, బరువు. అది నూటపది కిలోల లోపు, మీటియర్ 191. రెండోది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. స్కూటరుకు రెండు బ్రేకులూ చేతుల్లో ఉంటాయి, రెండు కాళ్లూ నేలకు ఖాళీ. మోటారు సైకిలుకు వెనక బ్రేకు కుడికాలి కింద. ఆగేటప్పుడు నేలకు మిగిలేది ఎడమకాలు ఒక్కటే.

2022 దసరాకు మీటియర్ కొన్నాను. ఇరవై హార్స్‌పవర్. ముందు 19, వెనక 17 అంగుళాల చక్రాలు. మొదటిసారి విజయరాయి దగ్గర గెలల ట్రాక్టరును దాటినప్పుడు వెనక నుంచి అమ్మ, "అయిపోయిందా?" అంది. అయిదు నెలలు బాగానే నడిచింది. ఆ తర్వాతే కొల్లేటి రోడ్డు.

అమ్మ చేతికి కట్టున్న ఆరు వారాలూ బండి ముట్టుకోలేదు. ఆ రోజుల్లోనే ఎప్పుడో ఎం.ఏ.లో పైపైన చదివి వదిలేసిన ఐరిస్ మారియన్ యంగ్ వ్యాసం మళ్లీ తీశాను. 1980లో రాసింది, 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్'. ఆడపిల్ల బంతి విసిరేటప్పుడు చేతిని మాత్రమే కదిలిస్తుంది, ఒళ్లంతా పెట్టదు. తన శరీరాన్ని ఒక శక్తిగా కాక, తనకు తనే మోయాల్సిన వస్తువుగా చూసుకుంటుంది అంటుందావిడ. బాగుంది. కానీ నాకొచ్చిన సందేహం వేరు. బంతి సైజే ఇంకొకరి చేతికి చేసింది అయితే? నేను విసరలేకపోవడంలో నా భయమెంత, బంతి ఎంత? ఈ రెండూ విడదీసి చూడకుండానే నేను తమ్ముడి మాటకు తలూపాను.

1962లో బెరిల్ స్వెయిన్ అనే ఇంగ్లీషు స్త్రీ ఐల్ ఆఫ్ మాన్ టీటీ పందెంలో ఒంటరిగా 50 సీసీ బండి నడిపింది. అలా నడిపిన మొదటి మహిళ ఆవిడే. ఆ వెంటనే రైడర్లకు కనీస బరువు ఇంత ఉండాలని నిబంధన తెచ్చారు. ఆవిడ అంత బరువు లేదు, లైసెన్సు పోయింది. చూడండి, ఆడవాళ్లు రాకూడదని ఎవరూ అనలేదు.

మన చట్టంలోనూ ఒక ముచ్చటైన నిబంధన ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది. ప్రతి మోటారు సైకిలుకూ వెనక కూర్చునేవారు పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్లు పెట్టుకోవడానికి ఆధారం ఉండాలి, బట్టలు చక్రంలో పడకుండా వెనకచక్రం సగమైనా కప్పే అడ్డు ఉండాలి. దాన్నే మనం శారీ గార్డు అంటాం. మంచిదే, ఎన్ని ప్రాణాలు కాపాడిందో. కానీ ఆ నిబంధన రాసినవాళ్ల కళ్లముందు ఒక స్త్రీ కచ్చితంగా ఉంది, చీర కట్టుకుని, వెనక, పక్కకు తిరిగి. ముందు సీటుకు ఆమె కొలత ఎవరూ తీసుకోలేదు.

బండి మళ్లీ తీసేసరికి నాకు తెలివి రాలేదు, భయం వచ్చింది. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాల్సిందే అని పట్టుబట్టి, మెకానిక్కు చేత వెనక షాకబ్జర్లు తీయించి పొట్టివి వేయించాను. పాదాలు ఆనాయి. వారం తిరక్కుండా తెలిసొచ్చింది. బండి కిందికి దిగిందిగానీ సైడ్ స్టాండు అంత పొడుగే ఉంది. దాంతో బండి వాలకుండా నిటారుగా నిలబడి, కాలేజీ ఆవరణలో గాలికి అవతలి వైపు పడింది. ప్రతి స్పీడ్ బ్రేకరుకూ పొట్ట గీసుకునేది. వెనక ఒక్కటే దిగడంతో ముందు హ్యాండిలు తేలిపోతున్నట్టుండేది. నా కోసమని బండిని కుదిస్తే అది బండి కాకుండా పోయింది. పాత షాకబ్జర్లు మళ్లీ వేయించాను. వాటి బిగువు ఆరు మెట్లలో మార్చుకోవచ్చని అప్పుడు తెలిసింది! నేను యాభై రెండు కిలోలు. ఒక్కదాన్నే వెళితే అన్నిటికంటే వదులు మెట్టు పెట్టుకుంటాను, కూర్చోగానే కాస్త దిగుతుంది. అమ్మ ఎక్కితే రెండు మెట్లు బిగిస్తాను.

అసలు పని సీటు దగ్గర జరిగింది. ఏలూరులో సీట్లు కుట్టే ఒకాయన దగ్గరికి వెళ్లాను. "ఆయ్, ఎంత తీసెయ్యమంటారండీ?" అన్నాడు. రెండంగుళాలన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అంత తీస్తే రేకు మీద కూచున్నట్టే ఉంటదండి మేడంగారూ, వెన్నుపూస పోద్ది. ఓసారెక్కి కూచోండి." ఎక్కాను. నా తొడలు సీటుకు ఎక్కడ తగులుతున్నాయో రెండువైపులా చాక్‌పీసుతో గీత గీశాడు. "మీ కాలు కిందకెళ్లకుండా సీటు పక్కకి తోసేస్తందండి. ఎత్తు కాదిది, వెడల్పు." ఆ మాట విని నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. జాకెట్టుకు నా కొలతలు తీసుకున్నవాళ్లు ఎంతోమంది. ఒక యంత్రానికి నా కొలత తీసుకున్న మొదటి మనిషి ఆయన.

పైన అంగుళం కంటే తక్కువ తీసి, ముందు భాగంలో పక్కలు రెండూ బాగా చెక్కి, మెత్తటి స్పాంజి బదులు గట్టిది వేసి, పాత రెగ్జినే మళ్లీ బిగించాడు. ముక్కు మాత్రం కాస్త ఎత్తుగా ఉంచాడు, లేకపోతే బ్రేకు వేసినప్పుడల్లా ట్యాంకు మీదికి జారతానట. హ్యాండిలు బిగింపులు వదులు చేసి నా వైపు కాస్త తిప్పుకున్నాను. వేళ్లు చాలక క్లచ్చు కొసలతో లాగేదాన్ని, దూరం తగ్గించుకునే లివర్లు దొరికాయి, వేయించాను. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర బూట్లకు అంగుళం అట్ట వేయించాను. మొదట ఎడమదానికే చాలనుకున్నాను. కుంటుతున్నారేంటి మేడం అని పిల్లలు అడిగేసరికి రెండోదానికీ వేయించాల్సి వచ్చింది.

అన్నీ అయ్యాక ఎడమ మునివేళ్లు, వాటి వెనక పాదం సగం ఆనుతోంది. అంతే. మడమ ఇప్పటికీ గాల్లోనే. 2018లో హైదరాబాద్ నుంచి జైభారతి, పియా బహదూర్‌తో సహా నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ల మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, కంబోడియా తిరిగొచ్చారు. వాళ్ల ఫొటోలు వెతికి వెతికి పాదాలే చూసేదాన్ని, ఎవరి మడమ ఆనిందా అని. అదో పిచ్చి. మిగతాది నేర్చుకోవాల్సిందే. ఆగడానికి పది గజాల ముందే ఎక్కడ ఆగాలో చూసుకోవాలి. మార్జినులోకి దిగకూడదు, లారీవాడు ఎంత హారను కొట్టినా సరే. ఆగే ముందు నడుము ఎడమవైపుకు కాస్త జరపాలి. పల్లంలోకి ముక్కు పెట్టి బండి నిలపకూడదు, వెనక్కి లాగడం నా వల్ల కాదు. ఇవన్నీ చిట్కాలే. పొడుగువాళ్లకు అవసరం లేదు కాబట్టి ఎవరూ నేర్పరు.

కానీ అమ్మ ఎక్కదేమోనని భయం. ఆమె బరువంతా ఎడమవైపే ఉంటుంది కదా, నా ఒక్క కాలూ ఉన్న వైపు. ఆ రోజు బండిని వాల్చింది మార్జిను ఒక్కటే కాదు. ఇది ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు, తప్పు ఆమె మీదికి నెడుతున్నట్టుంటుందని. చివరికి ఒకరోజు పెరట్లో స్టూలు మీద కూర్చోబెట్టి, బరువు ఎటు పడుతుందో చూపించి చెప్పాను. ఆవిడ విని, "ఇదా. ముందే ఏడవచ్చుగా. నాట్లకి దిగినప్పుడు గోచీ పోసుకునేవాళ్లం కాదటే? గోచీ పోసుకుని అటో కాలు ఇటో కాలు వేస్తే సరి" అంది.

"ఎవరైనా చూస్తే?" అంది నోరు జారి, ఎవరనుకున్నారు, నేనే.

"డెబ్బై మూడేళ్లదాన్ని. చూసి ఏం చేసుకుంటారే?"

2024 మార్చిలో మళ్లీ వెళ్లాం. ఏలూరు దాటాక రెండుసార్లు చేపల లారీలు ఎదురొచ్చాయి. రెండుసార్లూ తారు మీదే ఆగాను. వాళ్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు. కొల్లేటికోటలో దిగాక అమ్మ ఒక చెట్టు చాటుకెళ్లి గోచీ విప్పి, కుచ్చిళ్లు సర్దుకుని గుళ్లోకి నడిచింది. తిరుగు ప్రయాణంలో బతికున్న కొరమేనులు రెండు కిలోలు కొంది. వద్దంటే వినదు. ఎక్కడ కట్టాలో తెలియక ఇద్దరం కాసేపు బండి చుట్టూ తిరిగాం. చివరికి చేపల సంచి శారీ గార్డుకు కట్టాం.