పీకించేద్దామనే వెళ్ళాను

పంటినొప్పి అనగానే మన ఆడవాళ్ళం ముందు వెళ్ళేది డాక్టరు దగ్గరికి కాదు, పోపులపెట్టె దగ్గరికి. లవంగం పంటికింద పెట్టుకుంటాం. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాం. రాత్రి మరీ ఎక్కువైతే ఇంట్లో ఉన్న బిళ్ళేదో వేసుకుని, తెల్లారేసరికి టిఫిన్ల హడావిడిలో పడిపోతాం. నేనూ అలాగే 3 నెలలు నెట్టుకొచ్చాను.

మధ్యలో ఓ పది రోజులు నొప్పి దానంతటదే పోయింది. హమ్మయ్య అనుకున్నాను. అది తగ్గడం కాదట, పంటి లోపలి నరం చచ్చిపోయిందట! తర్వాత చీము పట్టి ఎడమ బుగ్గ బూరెలా పొంగింది. అప్పుడు కదిలాను.

నిజం చెప్పొద్దూ, పీకించేద్దామనే వెళ్ళాను. పీకితే వందల్లో పోతుంది. రూట్ కెనాల్ చేసి పైన క్యాప్ వెయ్యాలంటే మూడు నాలుగుసార్లు తిరగాలి, 7 వేలు అన్నారు. నా పంటికి 7 వేలా! బంతి తగిలి మావాడి ముందుపన్ను దెబ్బతిన్నప్పుడు మాత్రం మారుమాట్లాడకుండా చిట్టీ డబ్బు తీసిచ్చాను. మావారు వద్దనలేదు, "నీ ఇష్టం" అన్నారు. ఆ "నీ ఇష్టం" దగ్గరే కదండీ మనం ఆగిపోయేది!

అత్తయ్య అయితే, "పీకించెయ్యవే, కింది పన్నే కదా, కంటికేం భయంలేదు" అన్నారు. పైపన్ను పీకిస్తే చూపు పోతుందని ఆవిడ నమ్మకం. డాక్టరమ్మకి చెబితే నవ్వి, పైదైనా కిందిదైనా చూపుకేం కాదన్నారు.

ఆవిడ నా నోరంతా చూసి, "కుడివైపు దవడపన్ను ఎప్పుడు తీయించారమ్మా?" అని అడిగారు. 9 ఏళ్ళయింది. అద్దంలో చూపించారు. ఖాళీ వెనకాల పన్ను ముందుకి ఒరిగిపోయింది, పైపన్ను కిందికి దిగింది. అక్కడ కొబ్బరి, పీచు ఇరుక్కుంటాయని ఇన్నేళ్ళుగా ఎడమవైపే నములుతున్నాను. ఇప్పుడు ఎడమదీ పీకిస్తే ఎటు నమలాలి? ఆ మాట నాకు తట్టనేలేదు సుమండీ. పోనీ కొత్తపన్ను పెట్టించుకుందామంటే, బ్రిడ్జికి అటూ ఇటూ ఉన్న మంచిపళ్ళని అరగదీయాలట. దవడ ఎముకలో స్క్రూ దింపి కట్టే పన్నుకి ఇంకా ఎక్కువవుతుందట. అంటే వందల్లో పోతుందనుకున్నది వందలతో పోదన్నమాట.

అలాగని ప్రతి పన్నూ నిలబడదు. వేరు నిలువునా చీలినా, క్యాప్ పట్టడానికి పన్ను మిగలనంతగా పుచ్చిపోయినా, చిగుళ్ళ జబ్బుతో బాగా కదిలిపోతున్నా పీకించడమే మేలని ఆవిడే చెప్పారు. నాది ఎక్స్‌రే తీసి, వేళ్ళ చివర చీము నీడ ఉన్నా పన్ను గట్టిగానే ఉంది, ఉంచుకోవచ్చన్నారు. మందులకి వాపు తగ్గింది కదా, ఇంకెందుకని నసిగాను. మూలం పంటిలో ఉంటే మళ్ళీ వస్తుందన్నారు.

చేయించుకున్నాను. మత్తు సూది గుచ్చినప్పుడు తప్ప పెద్ద నొప్పి లేదు, నోరు తెరిచి తెరిచి దవడలు మాత్రం లాగేశాయి. సూదుల్లాంటి సన్నటి పనిముట్లతో వేళ్ళలోని సందులు శుభ్రం చేసి, రబ్బరులాంటి పదార్థంతో పూడ్చారు. నాలుగు రోజులు నమిలితే సలిపింది, తగ్గిపోయింది.

ఒక్కమాట. నొప్పి పోయింది కదా అని క్యాప్ మానెయ్యకండి. మా పక్కింటి వదిన డబ్బు దండగని మానేసింది. చెక్క కొరికితే పన్ను రెండుగా చీలి, చివరికి పీకించుకుంది. రెండు ఖర్చులూ ఆవిడకే!

కుడివైపు ఖాళీ అలాగే ఉంది. వచ్చే ఏడాది చిట్టీ పాడాక చూద్దామని, మర్చిపోకుండా చిట్టీ పుస్తకం అట్టమీద "పన్ను" అని రాసి పెట్టుకున్నాను. మావారు చూసి, "ఇంటిపన్ను మొన్నే కట్టేశాంగా?" అన్నారు.