పరుగెత్తని ఆదివారం

పోయిన ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కి ఇంకా పందొమ్మిది రోజులుందనగా ఫిజియోథెరపిస్ట్ నన్ను కుడికాలి మీద గెంతమన్నారు. ఒకసారి గెంతాను. రెండోసారి నావల్ల కాలేదు.

నేను పేరిచ్చింది హాఫ్ మారథాన్‌కి. 21.1 కిలోమీటర్లు. నెక్లెస్ రోడ్‌లోని పీపుల్స్ ప్లాజా నుంచి ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియం దాకా. నాకదే మొదటిది. ఏడు నెలలు తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పరుగెత్తి, స్నానం చేసి స్కూల్ బస్సు అందుకున్నాను. చూడ్డానికి నల్గొండ నుంచి నాన్న వస్తానన్నారు. మా ఏడో తరగతి పిల్లలు 'ఆల్ ది బెస్ట్ మేడమ్' అని చార్ట్ రాసి గోడకి అంటించారు.

మోకాలి కింద ఎముకలో నొప్పి మొదట పరుగు చివర్లోనే వచ్చేది. తర్వాత మొదటి కిలోమీటర్‌లోనే. ఆఖరికి మెట్లు దిగుతున్నా వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే సంతోషించాను. ఎంఆర్‌ఐలో బయటపడింది, స్ట్రెస్ ఫ్రాక్చర్ మొదలవుతోందని. తొలి రోజుల్లో ఇది ఎక్స్‌రేకి దొరక్కపోవడం మామూలేనట. పరుగులో ఎముకకి తగిలే చిన్న చిన్న దెబ్బల్ని శరీరం విశ్రాంతిలో బాగుచేసుకుంటుంది. ఆ తీరిక ఇవ్వకపోతే పగులు మొదలవుతుంది.

"ఇప్పుడు ఆపితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. పూర్తిగా విరిగితే ఎన్ని నెలలో చెప్పలేను. నిర్ణయం మీదే" అన్నారు డాక్టర్.

మాత్ర వేసుకుని నెమ్మదిగా పరుగెత్తితే? సగం నడిస్తే? రెండు రాత్రులు ఇవే లెక్కలు. నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. "బ్రేకుల్లో తేడా అనిపిస్తే ప్యాసింజర్లు ఎంత తిట్టినా బండి పక్కన ఆపేసేవాణ్ని. ఆ తిట్లు సాయంత్రానికి మర్చిపోయేవాణ్నమ్మా" అన్నారు.

మానేశాను. అంతకంటే కష్టం, ఆ మాట క్లాసులో చెప్పడం. 'నెవర్ గివప్' అని వాళ్లతో ఎన్నిసార్లు అనిపించానో!

"అంటే మీరు గివప్ చేశారా మేడమ్?" అడిగాడొకడు.

"ఈ రేసు వదిలేశాను. పరుగు వదల్లేదు" అని నీరజ్ చోప్రా సంగతి చెప్పాను. 2022 జులైలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రజతం గెలిచాక, గజ్జల దగ్గర గాయంవల్ల ఆయన బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల నుంచి తప్పుకున్నారు. అంతకుముందు క్రీడల్లో స్వర్ణం ఆయనదే. అయినా ఆగారు. ఆ ఆగస్టులోనే లొసాన్‌లో 89.08 మీటర్లు విసిరి గెలిచారు. మరుసటి ఏడాది ప్రపంచ ఛాంపియన్ అయ్యారు.

ఇంటర్వెల్‌లో ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చింది. నెల రోజులుగా మడమ నొప్పి. "ఇంట్లో చెప్తే ఆడనివ్వరు, సార్‌కి చెప్తే ఖోఖో టీమ్‌లోంచి తీసేస్తారు మేడమ్" అంది. తనని ఒప్పించి వాళ్లమ్మగారికి ఫోన్ చేశాను. డాక్టర్ కొన్ని వారాలు ఆటలొద్దన్నారు. మ్యాచ్‌లు పోయాయి. పాప ఏడ్చింది. ఇప్పుడు మళ్లీ ఆడుతోంది.

నొప్పి దాచడం ఆ పిల్ల ఎక్కడ నేర్చుకుందా అని ఆలోచిస్తే నా క్లాసే గుర్తొచ్చింది. జ్వరంతో పరీక్ష రాసిన పిల్లాడికి చప్పట్లు కొట్టించింది నేనే.

అందుకే మీకు ఒక చిన్న మనవి. పిల్లలు నొప్పి అంటే 'ఏం కాదులే' అనేముందు మూడు మాటలు అడగండి. ఎక్కడ? ఎప్పట్నుంచి? ఆడుతుంటే తగ్గుతోందా, పెరుగుతోందా? వేలుపెట్టి ఒకే చోటు చూపిస్తున్నా, రోజురోజుకీ పెరుగుతున్నా డాక్టర్‌కి చూపించండి. ఒకటి మాత్రం ముందే చెప్పండి: నిజం చెప్పినందుకు తిట్లుండవని.

రేసు రోజున నేనూ నాన్నా దారిలో నీళ్లందించే చోట వాలంటీర్లుగా ఉన్నాం. నేను కుర్చీలో కూర్చుని గ్లాసులు నింపితే నాన్న అందించారు. నా నంబర్ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది. ఏడుపు రాలేదని చెప్పను.

ఇప్పుడు మూడు కిలోమీటర్లు నొప్పి లేకుండా పరుగెత్తుతున్నాను. పిల్లలు ఆ చార్ట్ ఇంకా తీయలేదు.