సిప్పీఘాట్‌లో మీటరు, జెనీవాలో మిల్లీమీటరు

పోర్ట్‌బ్లెయిర్ నుంచి (2024లో దాని పేరును శ్రీ విజయపురంగా మార్చారు) అండమాన్ ట్రంక్ రోడ్డు మీద 14 కిలోమీటర్లు వెళితే సిప్పీఘాట్. పర్యాటక బ్రోచర్ల ప్రకారం ఇక్కడ చూడాల్సింది 80 ఎకరాల ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం. లవంగం, జాజికాయ, దాల్చినచెక్క, మిరియాలు. పసిఫిక్ దీవుల నుంచి తెచ్చిన కొబ్బరి రకాలను పెంచే కేంద్రమూ ఇక్కడే. కానీ బస్సు దిగినవాళ్ల కంట ముందు పడేది నీళ్లు. చూడ్డానికి చెరువులా ఉంటుంది. నోట్లో పోసుకుంటే ఉప్పు. ఒకప్పుడు అక్కడ వరి పండేది.

2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర మొదలైన చీలిక ఉత్తరంగా అండమాన్ల దాకా పాకింది. సునామీ అలలు వచ్చాయి, పోయాయి. సిప్పీఘాట్ పొలాల్లోంచి సముద్రం మాత్రం పోలేదు. ఎందుకంటే నేలే దిగిపోయింది. పోర్ట్‌బ్లెయిర్ పరిసరాలు సుమారు మీటరు కుంగాయి. అదే భూకంపం ఉత్తర అండమాన్ పశ్చిమ తీరాన్ని పైకెత్తి పగడపు దిబ్బలను ఎండలో పడేసింది. ఒక చివర లేస్తే రెండో చివర దిగే బల్ల లాంటిదన్నమాట. ఈ ఊరు దిగిన చివరన ఉంది.

అప్పట్నుంచి రోజుకు రెండుసార్లు పోటు లోపలికి వస్తుంది. పున్నమికీ అమావాస్యకూ మరింత. కొబ్బరి, పోక చెట్లు మోడులయ్యాయి. వాటి స్థానంలో మడచెట్లు మొలిచాయి. కొంగలు, అండమాన్ బాతులు చేరడంతో ఇది పక్షి ప్రేమికులకు ఇష్టమైన చోటైంది. పొలం పోయినవాళ్లకు పక్షుల మీద అంత ప్రేమ ఉండాలని ఆశించలేం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన కుటుంబాలకు పోటు, పాటు అనే మాటలు ఎవరూ వివరించక్కర్లేదు.

చంద్రుడు లాగేది సముద్రాన్ని ఒక్కదాన్నే కాదు. నేలనూ లాగుతాడు. తీరానికి ఎంతో దూరంలో ఉన్న జెనీవాలో ఈ సంగతి 1990ల తొలినాళ్లలో భౌతిక శాస్త్రవేత్తలను తిప్పలు పెట్టింది. సెర్న్ సంస్థ అక్కడ భూమికి దాదాపు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల వలయాకార సొరంగంలో ఎలక్ట్రాన్లను, పాజిట్రాన్లను ఢీకొట్టించేది. 1989 నుంచి 2000 దాకా నడిచిన ఆ యంత్రం పేరు లెప్. దాని పని జడ్ బోసాన్ అనే కణం బరువును కచ్చితంగా తేల్చడం. అయితే కిరణపుంజం శక్తి గంట గంటకూ మారుతుండేది. 1992లో కారణం రుజువైంది. నిండు పున్నమికి జెనీవా నేల 25 సెంటీమీటర్ల దాకా ఉబుకుతుంది. దాంతో వలయం చుట్టుకొలత ఒక మిల్లీమీటరు సాగుతుంది. అయస్కాంతాలు నేలతోపాటు జరుగుతాయి కానీ కణాల దారి పొడవు రేడియో పౌనఃపున్యం పెట్టిన చోటే ఉంటుంది. అందువల్ల పుంజం అయస్కాంతాల మధ్య నుంచి పక్కకు తప్పి, శక్తి 10 మెగా ఎలక్ట్రాన్‌వోల్టుల దాకా తేడా వస్తుంది. వర్షాలకు, సరస్సు మట్టానికి కూడా వలయం కదిలేది. 1995లో ఇంకో దొంగ దొరికాడు. పారిస్ వెళ్లే టీజీవీ రైళ్ల నుంచి భూమిలోకి జారే కరెంటు!

ఇంత చాదస్తం దేనికంటే, బరువైన కణాల జాడ తీయడానికి. యంత్రం శక్తి చాలక పుట్టించలేని భారీ కణం కూడా జడ్ బోసాన్ లెక్కల్లో తన ముద్ర కొద్దిగా వేస్తుంది. ఆ ముద్రను పట్టే, 1995లో ఫెర్మీల్యాబ్‌లో టాప్ క్వార్క్ దొరక్కముందే దాని బరువు ఏ మాత్రం ఉంటుందో అంచనా వేశారు. జడ్ బరువు చివరికి 91,188 మెగా ఎలక్ట్రాన్‌వోల్టులుగా, కేవలం 2 అటూ ఇటూగా తేలింది. చంద్రుణ్ని లెక్కలోంచి తీయకపోతే ఇది కుదిరేది కాదు.

అదే సొరంగంలో తర్వాత ఎల్‌హెచ్‌సీ వచ్చింది. దానికీ పోటు సవరణ తప్పలేదు. 2012 జులై 4న హిగ్స్ బోసాన్‌ను ప్రకటించారు. అంతకన్నా బరువైన కొత్త కణాల కోసం 2022లో ఢీకొనే శక్తిని 13.6 టెరా ఎలక్ట్రాన్‌వోల్టులకు పెంచినా, ఇప్పటిదాకా అలాంటిదేదీ చిక్కలేదు. ఆ సొరంగంలో మన వాటా ఒకటుంది. 30 టన్నులు దాటిన ఒక్కో అయస్కాంతాన్నీ మోస్తూ, నేల జరిగినప్పుడు వెంట్రుకవాసి తేడాతో సర్దే 7,080 జాకీలను ఇండోర్ శాస్త్రవేత్తల పర్యవేక్షణలో భారత్ తయారుచేసి పంపింది. 2017లో మన దేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యురాలైంది.

నేల మిల్లీమీటరులో పదో వంతు కదిలినా సరిచేసే జాకీలు ఇవ్వగలిగిన దేశంలోనే సిప్పీఘాట్ కూడా ఉంది. ఇక్కడ కొలతలకు లోటు లేదు. ఉపగ్రహాలతోనూ, పోర్ట్‌బ్లెయిర్ పోటు మాపకంతోనూ మీటరు లెక్క తేల్చారు. అయితే మీటరు దిగిన పొలాన్ని ఎత్తే జాకీ ఎవరి దగ్గరా లేదు. పైగా పోటు నీరు పారే చోటు తీర నియంత్రణ నిబంధనల కిందికొస్తుంది. మడచెట్లు మొలిచిన నేలను పూడ్చడం ఇంకా కష్టం. చేతిలో పట్టా ఉంది, పట్టాలోని భూమి మీద రోజుకు రెండుసార్లు సముద్రం ఉంటుంది. రోడ్డునైతే ఎత్తు చేయవచ్చు. పొలాలకు మిగిలినవి చిన్న ఉపాయాలే. గట్లు పోసి, తూములు పెట్టి, పాటు సమయంలో వాననీటితో ఉప్పు కడగడం. కొంత నేలను మిట్ట చేసి కూరగాయలు వేసి, పల్లంలో చేపలు పెంచడం. దగ్గర్లోని గారచర్మలో ఉన్న కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉప్పును తట్టుకునే వరి మీద పనిచేస్తోంది.